ఎర్సీలియా పేరు మీద ఐదు కార్లు

ఎర్సీలియా పేరు మీద ఐదు కార్లున్నాయి. వాటిలో ఒక్కదాని స్టీరింగు కూడా ఆమె పట్టుకుని ఎరగదు. ఆమె నడిపేది సహకార సంఘం వాళ్ళ తెల్ల వ్యాను. సొంత పనులకి బస్సెక్కుతుంది, బస్సు రాకపోతే నడుస్తుంది. కాస్తెల్లమ్మారే ఊళ్ళో బస్సు రాని రోజులే ఎక్కువ కాబట్టి చాలావరకు నడుస్తుంది.

ఆ ఐదు కార్లలో ఒకటి తమ్ముడు సబాతీనోది. రెండోది వాడి కొడుకు అనియెల్లోది. మూడోది చిన్నాన్న కొడుకు కతెల్లోది, నాలుగోది తమ్ముడి బావమరిదిది. అయిదోది కింద వీధిలో క్షౌరశాల నడిపే మనిషిది. అతనితో ఎర్సీలియాకి చుట్టరికం కూడా లేదు. ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "మీ వాళ్ళందరికీ చేశారట, నన్ను మాత్రం పరాయివాణ్ణి చేస్తారా?" అని అడిగాడు. కాదనడానికి ఆమెకి నోరు రాలేదు. అలా చేరింది అయిదోది.

ఈ ఊళ్ళో ఇదేం వింత కాదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు తన పేరున కారుకి ఇన్సూరెన్సు కట్టబోతే, కారు ఖరీదు కంటే అదే ఎక్కువవుతుంది. నేపుల్స్ చుట్టుపక్కల మగపుట్టుక పుట్టి కారు తాళం చేతిలో పట్టుకున్నవాణ్ణి కంపెనీలు సగం నేరస్థుడికింద జమ కడతాయి. అదే యాభై దాటిన ఆడమనిషి, ఇంతవరకూ ఎవరినీ గుద్దని మనిషి అయితే ప్రీమియం మూడో వంతుకి దిగుతుంది. అందుకని ప్రతి కుటుంబానికీ అలాంటి ఆడమనిషి ఒకరుంటారు. కొన్ని ఇళ్ళలో మంచం దిగలేని అమ్మమ్మకి మూడు మోటారు సైకిళ్ళుంటాయి. ఇంకా తగ్గాలంటే "ఈ బండిని యజమానురాలు తప్ప ఎవరూ నడపరు" అని ఒక గీత కింద సంతకం చేయాలి. ఎర్సీలియా అయిదు సార్లు చేసింది. ఒక్క మనిషి ఐదు కార్లు ఎలా నడుపుతుందని ఏజెంటు ఫుస్కో ఒక్కసారి కూడా అడగలేదు. ప్రతిసారీ పెన్ను మూత తీసి మరీ అందించాడు.

ఆమెకి యాభై ఏడేళ్ళు. భర్త పోయి పదకొండేళ్ళయింది, పిల్లల్లేరు. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాల్లో, తెల్లారకముందే లేచి కొండ మీది ఊళ్ళకి వెళ్ళి నలుగురు రోగుల్ని ఎక్కించుకుని కింద డయాలసిస్ కేంద్రానికి తెస్తుంది. నాలుగు గంటలు బయట కూచుని, వాళ్ళ రక్తం శుభ్రపడ్డాక మళ్ళీ ఎవరింటి దగ్గర వాళ్ళని దింపుతుంది. మిగతా రోజుల్లో సంఘం వాళ్ళు ఏ పని చెబితే అది. అంతా కలిపితే ఇల్లు గడుస్తుంది. గత రెండేళ్ళుగా ఆమెకి నిద్ర చాలడం లేదు, నడుము కూడా మాట వినడం లేదు. అయినా ఆ మలుపుల రోడ్డు మీద వ్యాను నడుపుతున్నంతసేపూ ఆమె ఎవరికీ తీసిపోని మనిషి.

రెండు వేల పన్నెండు నవంబరులో ఒక శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా వ్యాను కొండెక్కుతోంది. డయాలసిస్ అయ్యాక మామూలుగా అందరూ సొమ్మసిల్లినట్టు పడుంటారు. ఆ రోజు ప్రొఫెసర్ రెనాతో చేతిలో పేపరుంది. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. ఒంట్లో శక్తి లేకపోయినా వాదన మాత్రం ఉంటుంది.

"వచ్చే నెల ఇరవై ఒకటి నుంచి ఆడా మగా తేడా లేదట," అన్నాడు. "ఇన్సూరెన్సులో. బ్రస్సెల్స్‌లో కూచున్న యూరప్ కూటమి వాళ్ళ హుకుం. ఇద్దరికీ ఒకటే రేటు."

"అంటే మగాళ్ళకి తగ్గిస్తారా, మాకు పెంచుతారా?" వెనక సీట్లోంచి ఒలింపియా అడిగింది. ఆమె ముప్ఫై ఏళ్ళు టమాటా డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి.

"పెంచుతారు. కంపెనీ ఎప్పుడైనా తగ్గించిందా?"

"మరి దాన్ని సమానమని ఎందుకంటారు?"

"ఎందుకంటే అది న్యాయం కనక. చూడు ఒలింపియా, వాళ్ళు నిన్ను చూడరు. నీలాంటి వాళ్ళ గుంపుని చూస్తారు. గుంపులో ఎంతమంది గుద్దారో లెక్కేసి, ఆ లెక్క నీ నెత్తిన పెడతారు. నేను నలభై ఏళ్ళు నత్తలాగా నడిపాను. మా పెద్దమ్మాయి గోడల్ని కూడా వదల్లేదు. అది నాకంటే తక్కువ కట్టింది. ఎందుకూ? ఆడపిల్లని. ఏం న్యాయం ఇది?"

"నేను ఫ్యాక్టరీలో నా పక్కనున్న మగాడి కంటే తక్కువ జీతం పుచ్చుకున్నాను మాస్టారూ. ఆడదాన్నని. అప్పుడు మీ బ్రస్సెల్స్ వాళ్ళు నిద్రపోతున్నారా? లోకంలో మాకు దొరికింది ఈ ఒక్క తగ్గింపు. అదీ పీకేశారు."

"నీకసలు కారే లేదు కదే!"

"లేకపోతేనేం? తగ్గింపు ఉందన్న తృప్తి ఉండేది."

మిగతా ఇద్దరూ కళ్ళు మూసుకునే నవ్వారు. ప్రొఫెసర్ ముందుకి వంగాడు. "నువ్వేమంటావు ఎర్సీలియా? నువ్వు చెప్పు. న్యాయమా, అన్యాయమా?"

"నేను రోడ్డు చూసుకుంటున్నాను మాస్టారూ," అంది ఎర్సీలియా.

ఒలింపియాని ఆమె గుమ్మం దగ్గర దింపి, చెయ్యి పట్టి మెట్లెక్కించి, వ్యానులోని రూట్ కాగితం మీద ఎప్పట్లాగే టైము రాసింది: పన్నెండూ పది. ఒలింపియా చేత సంతకం పెట్టించుకుంది. రోగులు నలుగురికీ నాలుగు టైములు, నాలుగు సంతకాలు ఉండాలని సంఘం నియమం. తర్వాత ప్రొఫెసర్నీ మిగతా ఇద్దర్నీ దింపి, వ్యాను షెడ్డులో పెట్టి ఇల్లు చేరేసరికి రెండయింది.

మేనల్లుడు అనియెల్లో మెట్ల మీద కూచునున్నాడు. ఇరవై రెండేళ్ళవాడు, గడ్డం బాగా పెంచుకున్నాడు. గడ్డం వెనక మొహం మాత్రం తెల్లగా పాలిపోయుంది. ఆమెని చూడగానే లేచాడు.

"అత్తా, గుద్దేశాను."

"ఎవర్ని?"

"ముసలాయన్ని. మూడు చక్రాల బండిలో అక్రోట్లు అమ్ముకునే లిబెరాతో. నేను ఆగాల్సిన చోట ఆగలేదు. ఆయన అడ్డంగా వస్తున్నాడు."

ఎర్సీలియా గోడ పట్టుకుంది. "బతికున్నాడా?"

"బానే ఉన్నాడత్తా! అంటే... కాలు రెండు చోట్ల విరిగింది. నేనే ఎత్తుకుని నా కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వదిలి పారిపోలేదు, ఒట్టు."

"కాలు రెండు చోట్ల విరిగితే బాగుండడమేంట్రా?"

వాడు తల దించుకున్నాడు. వాడంటే ఆమెకి ప్రేమే. చిన్నప్పుడు ఆమె ఒళ్ళో పెరిగాడు, మనసు మంచిది, కాలు మాత్రం ఎప్పుడూ ఆక్సిలరేటరు మీదే ఉంటుంది. జేబులోంచి మడత పెట్టిన నీలం కాగితం తీశాడు. రెండు బళ్ళు గుద్దుకుంటే ఇద్దరు డ్రైవర్లూ కలిసి నింపి ఇన్సూరెన్సుకి పంపే కాగితం అది. లిబెరాతో ఆసుపత్రి మంచం మీద పడుకునే తన వైపు సంతకం పెట్టాడు. రెండో వైపు 'డ్రైవరు' అన్న గడిలో పెద్ద పెద్ద అక్షరాలతో ఎర్సీలియా పేరుంది.

"నీ లైసెన్సు నంబరు కూడా తప్పుల్లేకుండా రాశాను," అన్నాడు, హోంవర్కు చూపించే పిల్లాడిలాగా. "కింద నువ్వు సంతకం పెడితే చాలు. కారు నువ్వు తప్ప ఎవరూ నడపకూడదని పాలసీలో ఉంది కదత్తా. వేరే దారి లేదు."

"గుద్దింది ఎన్నింటికి?"

"పన్నెండూ పదికి."

ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివింది. టైము గడిలోనూ అదే ఉంది. ఆమె సంతకం పెట్టలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "తిన్నావా?" అని అడిగింది. వాడు తినలేదన్నాడు. రొట్టె, గుడ్డు పెట్టి పంపేసింది.

మర్నాడు ఆదివారం భోజనం తమ్ముడింట్లో. సబాతీనో భార్య రోసెల్లా పొద్దున్నే మాంసం కూర పొయ్యి మీద పెట్టింది. ఎర్సీలియాకి గిన్నె నిండా వడ్డించి, "తినండి వదినా, చిక్కిపోయారు," అంది. ఆ మర్యాద చూడగానే ఎర్సీలియాకి అర్థమైంది. ఆమెకి ఈ ఇంట్లో మర్యాద జరిగిన ప్రతిసారీ తర్వాత ఒక సంతకం ఉంటుంది.

సబాతీనో రెండో గ్లాసు వైను దాకా ఆగాడు. "అక్కా, ఆసుపత్రి వాళ్ళు పోలీసులకి చెప్పారు. కారు యజమానిని మంగళవారం మధ్యాహ్నం మునిసిపల్ పోలీసు ఆఫీసుకి రమ్మన్నారు. నేను తీసుకెళ్తాలే. నేనే నడిపానని చెప్పు, నీలం కాగితం ఇచ్చెయ్యి, అయిపోతుంది."

"ఏం అయిపోతుందిరా? మనిషికి కాలు విరిగింది. నా లైసెన్సు పక్కన పెట్టేస్తారు. ఒక నెలో, మూడు నెలలో, ఇంకా ఎక్కువో."

"మూడు నెలలే కదా! ఆ మూడు నెలలూ మా ఇంట్లో తిను. విశ్రాంతి తీసుకో. నీకూ నడుం నొప్పంటున్నావుగా."

"లైసెన్సు లేని డ్రైవర్ని సంఘం వాళ్ళు ఉంచుకుంటారా? మూడు నెలల తర్వాత నా సీట్లో ఇంకోడుంటాడు."

సబాతీనో చెంచా కింద పెట్టాడు. "అక్కా, డిసెంబరు ఒకటిన అనియెల్లో గ్రాన్యానోలో పాస్తా ఫ్యాక్టరీ డెలివరీ బండెక్కుతున్నాడు. వాడి మొట్టమొదటి ఉద్యోగం. దానికోసం నేను ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో నీకు తెలుసు. వాడి లైసెన్సు పోతే ఆ ఉద్యోగం పోయినట్టే. మగపిల్లాడు. వాడికి ముందు ముందు పెళ్ళి, పిల్లలు ఉంటారు. నీకేముంది చెప్పు?"

నీకేముంది అన్న మాట వాడు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నిజంగానే లెక్కేసి చూశాడు, అక్క వైపు ఏమీ కనపడలేదు. అదే ఎర్సీలియాకి ఎక్కువ బాధ కలిగించింది.

"నేను ఆ టైముకి ఒలింపియా గుమ్మంలో ఉన్నానురా," అంది. "కాగితం మీద రాసుంది."

"ఆ కాగితాలు ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"సరే, నిజమే చెప్పు!" సబాతీనో గొంతు పెంచాడు. "చెప్తే ఏమవుతుందో తెలుసా? నువ్వు తప్ప ఎవరూ నడపరని సంతకం చేశావు. కంపెనీ ఆ ముసలాడికి డబ్బు కట్టేసి, ఆ మొత్తం నీ దగ్గర వసూలు చేస్తుంది. నీ రెండు గదుల ఇల్లు పోతుంది. నేను నీ మంచి కోరి చెప్తున్నాను. అయినా ఆడవాళ్ళతో పోలీసులు అంత గట్టిగా ఉండరు. కంగారు పడ్డాను, బ్రేకు అనుకుని వేరేది తొక్కాను అను. నమ్మేస్తారు."

అనియెల్లో గిన్నెలోకి చూస్తూ కూచున్నాడు. ఒక్కసారి, "నాన్నా, పోనీ నేనే..." అన్నాడు. "నువ్వు నోర్ముయ్," అన్నాడు తండ్రి. వాడు మూశాడు. రోసెల్లా అందరి గిన్నెలూ ఎత్తడం మొదలుపెట్టింది. ఎర్సీలియా లేచి సాయం పట్టింది. మగవాళ్ళిద్దరూ కాఫీ కోసం ఎదురుచూశారు.

సోమవారం వ్యాను పని లేదు. ఎర్సీలియా ఒక్కతే ఏజెంటు దగ్గరికి వెళ్ళింది. తన చేత ఎన్నిచోట్ల ఏమేమి సంతకం చేయించారో ఒకసారి కళ్ళారా చూసుకోవాలనిపించింది. ఫుస్కో సన్నగా, శుభ్రంగా ఉంటాడు. కుర్చీ లాగి కూచోబెట్టి, నీలం కాగితం తీసుకుని చూసి నిట్టూర్చాడు.

"సంతకం పెట్టెయ్యండి ఎర్సీలియా గారూ. నాకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. మీ కార్లకి ఇది అయిదోది, ఎలాగూ కంపెనీ వాళ్ళు అలవాటు పడిపోయారు."

"అయిదో కారు కాదండీ, రెండోది. అనియెల్లో కారు."

"కారు కాదు. ప్రమాదం."

ఆమెకి అర్థం కాలేదు. ఫుస్కో కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. ఎడమ పక్కన ఆమె పేరు, పుట్టిన తేదీ, 'స్త్రీ' అని ఉన్నాయి. కింద నాలుగు వరసలున్నాయి. రెండు వేల ఏడులో, ఆగి ఉన్న కారుని వెనక నుంచి గుద్దుట. తొమ్మిదిలో, రైల్వే స్టేషను దగ్గర స్కూటరుని పక్క నుంచి తగులుట. పదిలో, దుకాణం షట్టరు. పదకొండులో, మళ్ళీ వెనక నుంచి. నాలుగింటికీ ఎదురుగా డ్రైవరు: ఎర్సీలియా. నాలుగింటి కిందా ఆమె సంతకం ఉంది, మూడు రకాల చేతిరాతల్లో.

"ఇవి నేను కాదు," అంది.

"తెలుసు."

"నేను సంతకాలు పెట్టలేదు."

"అదీ తెలుసులెండి." ఫుస్కో సంకోచంగా నవ్వాడు. "రెండు సబాతీనోవి, ఒకటి కతెల్లోది, ఒకటి ఆ క్షౌరశాల ఆయనది. చిన్న చిన్న దెబ్బలు. మిమ్మల్ని ప్రతిసారీ ఎందుకు తిప్పడం అని వాళ్ళే పెట్టేసి తెచ్చారు. ఊళ్ళో అందరూ అంతే."

ఎర్సీలియా తెర మీది వరసల్ని మళ్ళీ చదివింది. షట్టరు. ఏ దుకాణం షట్టరో కూడా ఆమెకి తెలియదు. ఆ దుకాణం మనిషి ఇన్నేళ్ళుగా ఎర్సీలియా అనే ఆడదాన్ని తిట్టుకునే ఉంటాడు.

"మరి నా తగ్గింపు?" అని అడిగింది. అడిగాక, ఎందుకడిగిందో ఆమెకే తెలియలేదు.

"వచ్చే నెల నుంచి ఎలాగూ ఆడవాళ్ళ తగ్గింపు ఎత్తేస్తున్నారు. బ్రస్సెల్స్..."

"చదివాను."

"నిజం చెప్పమంటారా? బ్రస్సెల్స్ చెప్పకపోయినా మన వైపు ఎప్పుడో పోయేది. పైనుంచి మొన్న పట్టికలు పంపారు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానంగా గుద్దుతున్నారట. యాభై దాటిన ఆడవాళ్ళయితే మరీ అన్యాయం. రాత్రి రెండింటికి డిస్కో దగ్గర గుద్దిన అమ్మమ్మలున్నారు ఆ పట్టికలో." ఫుస్కో ఈసారి నిజంగానే నవ్వాడు. "మిలాను హెడ్డాఫీసులో కూచున్న వాళ్ళకి ఏం తెలుస్తుంది? పేరు చూస్తారు. పేరు ఆడది."

ఎర్సీలియా నవ్వలేదు. ప్రొఫెసర్ చెప్పిన గుంపు గుర్తొచ్చింది. ఆ గుంపులో ఎవరెవరున్నారో ఆమెకి తెలుసు. ఇరవై ఏళ్ళుగా కొండ బడికి పిల్లల బస్సు నడిపే కొంచెత్తా ఉంది. భర్త వాడి వదిలేసిన కారులో రోజూ చేపల మార్కెట్టుకి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. ఎక్కడా తొందరపడకుండా, ఎవరికీ తగలకుండా, పిల్లల్నీ ముసలివాళ్ళనీ రోగుల్నీ తిప్పిన ఆడవాళ్ళంతా ఏళ్ళ తరబడి ఒళ్ళు దగ్గర పెట్టుకుని సంపాదించిన మంచి పేరు అది. దాన్ని ముందు మగవాళ్ళు అరువు తీసుకున్నారు. తర్వాత పాడుచేశారు. ఇప్పుడు చూడండి, వీళ్ళకీ మాకూ తేడా లేదని తిరిగిచ్చేశారు. ఆమెకి కడుపు మండింది. ఆ మంటలోనే మహా అలసటగా కూడా అనిపించింది, ఎందుకంటే పెన్ను పట్టుకుని అయిదు సార్లు ఆ అరువిచ్చిన చెయ్యి తనదే.

"నిజం చెప్తే నా ఇల్లు పోతుందన్నాడు తమ్ముడు. అవునా?"

"ఇల్లు అంత తేలిగ్గా పోదు. కానీ వాయిదాల మీద కడుతూనే ఉంటారు. చాలా ఏళ్ళు." ఫుస్కో పెన్ను మూత తీశాడు. "అందుకే చెప్తున్నా. ఇక్కడ, గీత కింద."

ఆమె నీలం కాగితం తీసుకుని సంచిలో పెట్టుకుంది. పెన్ను ఫుస్కో చేతిలోనే ఉండిపోయింది.

మంగళవారం పొద్దున వ్యానులో ప్రొఫెసర్ ఇంకా ఆ వాదన వదల్లేదు. ఒలింపియాకి నీరసంగా ఉండి ఊరుకుంది. తిరుగు ప్రయాణంలో ఎర్సీలియా ప్రతి మలుపు దగ్గరా మామూలు కంటే నెమ్మదిగా తిప్పింది. ఇదే ఆఖరిసారి అయితే అన్న ఆలోచన వచ్చి, పోకుండా పక్క సీట్లో కూచున్నట్టు కూచుంది. నలుగురినీ దింపి, నాలుగు సంతకాలూ పెట్టించుకుని, శనివారం రూట్ కాగితం నకలు ఒకటి సంఘం ఆఫీసులో అడిగి తీసుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

మూడింటికి సబాతీనో కారులో వచ్చాడు. అది కూడా ఆమె కారే. దారంతా ఏం చెప్పాలో చెబుతూనే ఉన్నాడు. ఎండ కళ్ళలో కొట్టింది అను, బండి కనపడలేదు అను, వణుకు వచ్చింది అను. ఎర్రలైటు దగ్గర చివరి క్షణంలో బ్రేకు వేశాడు. ఎర్సీలియా డాష్‌బోర్డు పట్టుకుంది. "చూశావా, నువ్వే నడుపుతున్నట్టు కంగారు పడుతున్నావు," అని ఎగతాళి చేశాడు. పోలీసు ఆఫీసు వసారాలో తమ్ముడు బెంచీ మీద కూచున్నాడు, ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

లోపల ఉన్న అధికారి రిటైరవడానికి దగ్గర పడ్డవాడు. జలుబుతో ఉన్నాడు. ముక్కు తుడుచుకుని, కాగితం సర్దుకుని, తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"శనివారం, పన్నెండూ పది. కారు మీదేనా?"

"నా పేరు మీద ఉంది."

"నడిపింది మీరే." అది ప్రశ్న కాదు, అప్పటికే సగం రాసేశాడు.

వసారాలో బెంచీ కిర్రుమంది. ఎర్సీలియాకి అనియెల్లో ముసలాయన్ని చేతుల్లో ఎత్తుకుని పరిగెత్తిన సంగతి తలపుకొచ్చింది, పాస్తా ఫ్యాక్టరీ బండి తలపుకొచ్చింది. వాయిదాలు కడుతూ పోవాల్సిన ఏళ్ళన్నీ కూడా తలపుకొచ్చాయి. తర్వాత, నీకేముంది అన్న తమ్ముడి మాట చెవిలో వినపడింది.

"కాదండీ," అంది. "నడిపింది మా తమ్ముడి కొడుకు అనియెల్లో. నేను ఆ టైముకి కొండ మీద డయాలసిస్ రోగుల్ని దింపుతున్నాను. ఇదిగో కాగితం."

"అక్కా!" బయట నుంచి సబాతీనో గొంతు వినిపించింది. ఆమె వెనక్కి తిరగలేదు.

అధికారి తల ఎత్తాడు. రూట్ కాగితం చూశాడు, ఆమెని చూశాడు, రాసిన సగం వాక్యం కొట్టేశాడు. "ఇలా చెప్తే మీకేం జరుగుతుందో తెలుసా అమ్మా? మీరు తప్ప ఎవరూ నడపరని పాలసీలో ఉంది."

"తెలుసు. సంతకం నాదే. దానికి నేను కట్టుకుంటాను."

అతను ముక్కు చీది, పక్కనున్న ఇంకో కాగితం లాగాడు. "కంపెనీ నుంచి తెప్పించాం. మీ పేరు మీద ఇంకో నాలుగున్నాయి. ఏడు, తొమ్మిది, పది, పదకొండు."

"అవీ నేను కాదు. రెండు ఆ బయట కూచున్నాయనవి. మిగతావి ఎవరివో కూడా చెప్తాను. సంతకాలు నావి కావు. నా చేతిరాత చూసుకోండి."

వసారాలో అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి, ఆగి, వెనక్కి మళ్ళింది. కాసేపటికి బయట కారు స్టార్టయిన శబ్దం వినపడింది.

అధికారి పెన్ను కింద పెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ బల్ల ముందు కూచున్న ఆడవాళ్ళంతా తామే నడిపామని చెప్పడం వింటూ వచ్చినవాడు. "మరి మీరు ఎవర్ని గుద్దారమ్మా?" అని అడిగాడు, వెటకారం ఏమీ లేకుండా.

"ఎవర్నీ గుద్దలేదు. లైసెన్సు తీసుకుని ముప్ఫై నాలుగేళ్ళు. ఒక్కసారి కూడా. అది రాయండి."

అతను ఫారం ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. "అది రాయడానికి ఇందులో గడి లేదమ్మా. గుద్దితేనే ఫారం."

అప్పుడు ఏడుపొచ్చింది ఎర్సీలియాకి. శనివారం రాలేదు, తమ్ముడింట్లో రాలేదు, ఏజెంటు దగ్గరా రాలేదు. నిజం చెప్తే పోయేవన్నీ లెక్కపెట్టుకునే వచ్చింది, తమ్ముడు కూడా అందులోనే ఉన్నాడు. తన పేరు తనకి తిరిగొస్తుందనుకుంది, దాన్ని పెట్టడానికి చోటే లేదన్నారు. చేతిరుమాలు కోసం సంచి వెతికింది, దొరకలేదు. అరచేత్తో తుడుచుకుంది. లేచి వెళ్ళిపోవాలనుకుంది, నడుము సహకరించలేదు.

అధికారి గోడ గడియారం కేసి చూశాడు, ఆఫీసు మూసే వేళ దగ్గర పడింది. తర్వాత ఫారాన్ని తిరగేసి, ఏమీ అచ్చు లేని వెనక వైపు చేత్తో సాపు చేశాడు.

"చెప్పండి," అన్నాడు. "మెల్లగా చెప్పండి, నేను రాసుకుంటాను. ఎప్పటి నుంచి?"

"పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది, మార్చి," అని మొదలుపెట్టింది ఎర్సీలియా.